నేరేడు చెట్టుకి ఎడంగా

విజయవాడ,
9 ఫిబ్రవరి 2025

అక్కా,

నీ చెవి మిషను మళ్ళీ బీరువాలోకి వెళ్ళిపోయిందని నీ కొడుకు చక్రి చెప్పాడు. నేను ఎంత అరిచినా నీకు వినపడదు, నువ్వు అరిచేది మాత్రం వీధి చివరిదాకా వినపడుతుంది. ఇక మనిద్దరికీ ఫోను అచ్చిరాలేదని అనుకోవాలి. మెసేజి పెడితే "అది చీటీ, ఉత్తరం కాదు" అంటావు. అందుకని మళ్ళీ కాగితం, కలం, పోస్టాఫీసు. అక్కడి అమ్మాయి నన్ను చూసి నవ్వింది. ఉత్తరం కోసం కవరు అడిగిన మనిషి ఈమధ్య ఎవరూ లేరట.

ముందు ఇంటి కబురు. సుస్మిత వచ్చి మా దగ్గరే ఉంది. అల్లుడికి ఉద్యోగం మీద తిరుగుడు ఎక్కువ, పిల్లకేమో వాంతులు. పురుడు ఆగస్టులో అని డాక్టరమ్మ చెప్పింది. రాజ్యం ఇప్పటినుంచే పాత చీరలు చింపి పొత్తిగుడ్డలు కుడుతోంది. "నా చీరలు చాలవు, మీ అక్కకి చెప్పండి, ఆవిడైతే మెత్తటి చీరలు దాచి ఉంచుతుంది" అంటోంది. నీ మేనకోడలి కోసం నాలుగు పంపు.

ఇప్పుడు నా గొప్ప. నీళ్ళు వదిలే లాకుల దగ్గర నుంచి రైలు వంతెన దాకా మన కాలువ గట్టు మీద నడక దారి వేస్తున్నారు. పక్కన చెట్లు, కూర్చోవడానికి బెంచీలు, సైకిళ్ళకి వేరే దారి. ఇలాంటివి ఎప్పుడూ వేసేశాక మనకి తెలుస్తాయి కదా, ఈసారి ముందే మమ్మల్ని పిలిచారు. కమ్యూనిటీ హాల్లో గోడంత మ్యాపు అంటించి, ఏదైనా ఉంచాలనుకుంటే ఆకుపచ్చ చుక్క, వద్దనుకుంటే ఎర్ర చుక్క మీరే అంటించండి అన్నారు. చూడాలి ఆ సంబరం. వాకింగుకి వచ్చేవాళ్ళకి టైల్సు, లైట్లు కావాలి. ఒకాయన కుక్కలకి వేరే చోటు అడిగాడు. గట్టు మీద ఇళ్ళున్నవాళ్ళు మాత్రం ఏ చుక్కా అంటించకుండా గోడకి ఆనుకుని నిలబడ్డారు. చివరికి ఒక కమిటీ వేసి, ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి డ్రాయింగు చెప్పినవాణ్ణి కదా అని నన్ను దానికి కార్యదర్శిని చేశారు.

నువ్వూ బావా కాపురం పెట్టింది ఆ గట్టు కింద లైన్లోనే కాబట్టి నిన్ను అడగకుండా ఎలా? అక్కడ ఒకప్పుడు ఉన్నవాళ్ళ మాట కూడా తీసుకోమన్నారు. గట్టు బొమ్మ గీసి దీనితో పెడుతున్నాను. ఏది ఉండాలో, ఏది వద్దో రాసి పంపు.

నీ తమ్ముడు
మల్లేశు


హనుమాన్ జంక్షన్,
20 ఫిబ్రవరి

కార్యదర్శి గారికి,

నీ ఉత్తరాన్ని చక్రి లారీ టైరు విప్పుతూ గ్రీజు చేత్తోనే పట్టుకొచ్చాడు. నీ బొమ్మలో రైలు వంతెన నల్లగా మాసిపోయింది. ఏం ఫరవాలేదు, వంతెన ఎక్కడుందో నాకు తెలుసు.

లాకులు బాగానే గీశావు. బట్టలుతికే రేవు మర్చిపోయావు. సెలవలకి మా ఇంటికి వచ్చి ఆ రేవులోనే కదా కొత్త చెప్పు పోగొట్టుకుని, మీ బావ మెడలోతు నీళ్ళలో దిగి తెచ్చిందాకా ఏడ్చావు! ఆ రేవుకి మెట్లు ఉంచండి. టైల్సు వద్దు. వానలో జారి ముసలివాళ్ళ నడుములు విరుగుతాయి, ఎండలో పాదాలు కాలతాయి. గట్టుకి మట్టే బాగుంటుంది. ఇంత చదువుకున్నవాళ్ళు ఒక్కరూ ఆ మాట అనలేదా?

సుస్మితకి చీరలు ఏరి పెట్టాను. అన్నీ ఉతికి నీడలో ఆరేశాను. కొత్త గుడ్డ పసిపిల్ల ఒంటికి తగలనివ్వొద్దని రాజ్యానికి చెప్పు.

ఇంకొకటి. లాకులు దాటాక కాలువ వంపు తిరిగే చోట ఒక నేరేడు చెట్టుంది. నువ్వు గియ్యలేదు. దారిని ఆ చెట్టుకి ఎడంగా పోనివ్వండి. చెట్టు కిందకి చెప్పులతో ఎవరూ వెళ్ళకూడదు. నా పేరు మీద ఏ చుక్క అంటించాలో అది అంటించి, ఈ ఒక్క పనీ చేసిపెట్టు. ఎందుకని అడక్కు. నిన్ను ఏదైనా చేసిపెట్టమని అడిగి ఎన్నాళ్ళయిందో నువ్వే ఆలోచించుకో.

కమిటీ పేరు చెప్పి ఎండలో తిరక్కు. తలకి తువ్వాలు చుట్టుకో.

అక్క


విజయవాడ,
12 మార్చి

మా గట్టు సలహాదారు సీతారావమ్మ గారికి నమస్కారాలతో,

నవ్వకు, మీటింగులో నిన్ను అలాగే పిలిచారు. నీ ఉత్తరం నిలబడి చదివాను. టైల్సు గురించి నువ్వన్నది వినగానే వాకింగు అసోసియేషన్ ప్రెసిడెంటు గారు మొహం ముడుచుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ విషయంలో నేనూ ఆయన వైపే. కానీ నేరేడు చెట్టు దగ్గరికి వచ్చేసరికి హాలంతా చప్పట్లు కొట్టారు.

"ఎందుకండీ ఆ చెట్టుకి ఎడంగా?" అని ఇంజనీరు గారు అడిగాడు. నువ్వు ఎందుకని అడగొద్దన్నావు, ఆయనేమో అడిగాడు. మా అక్కా బావా పెళ్ళయిన కొత్తలో సాయంత్రాలు ఆ చెట్టు కింద కూర్చునేవారండీ అని చెప్పేశాను. తప్పేముంది? కొత్త కాపురం, కాలువ గట్టు, చెట్టు నీడ, ఇంకెందుకై ఉంటుంది! నీ పేరు మీద పెద్ద ఆకుపచ్చ చుక్క అంటించాను. దారి ఆ చెట్టుకి ఎడంగా వంపు తిరిగి వెళ్తుంది. నీ మాట నెగ్గింది. దానితో ఆగకుండా నువ్వు అడగనిది కూడా ఒకటి చేయిస్తున్నాను. ఇప్పుడే చెప్పను, చూసి నువ్వే మురిసిపోవాలి.

అన్నట్టు మీ పక్కింటి సువార్తమ్మ ఇంకా గట్టు మీదే ఉంది. జుట్టు ముగ్గుబుట్ట అయినా గొంతు అలాగే ఉంది. మీటింగు అయ్యాక నా చెయ్యి పట్టుకుని, "రత్తయ్యగారి సీతమ్మ తమ్ముడివి గదూ? ఆ చెట్టు సంగతి మీ అక్క నీకు చెప్పిందా అయ్యా?" అంది. చెప్పిందమ్మా అన్నాను. కళ్ళు తుడుచుకుని, "పోన్లే, ఇన్నాళ్ళకి చెప్పుకుంది" అని వెళ్ళిపోయింది. ఏమిటా సంగతి? నువ్వు రాయకపోతే ఆవిణ్ణే అడుగుతాను.

చీరలు అందాయి. రాజ్యం వాటిని చెంపకి ఆనించుకుని చూసింది.

మల్లేశు


హనుమాన్ జంక్షన్,
25 మార్చి

మల్లేశూ,

సువార్తమ్మని ఏమీ అడక్కు. ఆవిడ తనంతట తాను చెప్పబోయినా వినకు. ఇది నా ఒట్టు అనుకో.

నేను అడగనిది ఏదో చేయిస్తున్నానని రాశావు. అదేదైనా సరే, వద్దు. దారి ఎడంగా వెళ్తే చాలు. నాకింకేమీ అక్కర్లేదు.

మేమిద్దరం సాయంత్రాలు ఆ చెట్టు కింద కూర్చున్నామని నీకెవరు చెప్పారు? మీ బావకి ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పని, ఇంటికి వచ్చేసరికి వీధి దీపాలు వెలిగేవి. హాలు నిండా జనం ముందు లేనిది కల్పించి చెప్పడానికి నీకు నోరెలా వచ్చింది?

ఇక్కడ ఎండలు ముదిరాయి. హైవే మీద టైర్లు పేలడం మొదలైంది కాబట్టి చక్రికి చేతినిండా పని. రాత్రి నీ ఉత్తరం మళ్ళీ చదివాను. ఏం చేయిస్తున్నావో వెంటనే రాయి.

అక్క


విజయవాడ,
3 మే

అక్కా,

వెంటనే రాయమన్నావు, నెల దాటిపోయింది. సుస్మితకి రక్తం తక్కువైందని ఆసుపత్రికీ ఇంటికీ తిరిగాను. ఇప్పుడు కులాసాగానే ఉంది. కాలువలకి నీళ్ళు కట్టేయగానే దారి పని కూడా మొదలైంది. నీళ్ళు వదిలే లోపల మట్టి పని అవ్వాలంటున్నారు. రోజూ పొద్దున్నే వెళ్ళి నిలబడుతున్నాను. మెషీను నడిపేవాళ్ళు కూడా ఇప్పుడు నన్ను మేస్టారూ అంటున్నారు.

నువ్వు వద్దనడం నాకు కొత్తా? చెవి మిషను వద్దన్నావు. నేను రిటైరైనప్పుడు పెట్టిన చీర వద్దన్నావు, తర్వాత ప్రతి పెళ్ళికీ అదే కట్టావు. అందుకని నీ మాట వినకుండా చేయిస్తున్నాను. ఇక దాచను. నీ నేరేడు చెట్టు చుట్టూ గుండ్రంగా ఒక అరుగు! చెప్పులు వదిలి ఎక్కి కూర్చునేలా నున్నగా, చల్లగా. చెప్పులతో వెళ్ళకూడదని నువ్వు రాసిందాన్ని బట్టే నాకీ ఊహ వచ్చింది. అరుగు అంచున చిన్న రాయి మీద బావ పేరు చెక్కిస్తున్నాను. ఆ ఖర్చు నాది. బావ నా చెప్పు కోసం కాలువలో దిగినవాడు, ఆయన పేరు ఆ గట్టు మీద ఉండాలని నాకూ ఉంది.

పునాది తవ్వడం నిన్నటితో అయిపోయింది. సువార్తమ్మ వచ్చి పెద్ద గొడవ చేసింది. "ఆడ పలుగెయ్యమాకండయ్యా, నీకు దణ్ణం పెడతా, మీ అక్కనడుగు" అని మెషీనుకి అడ్డం కూర్చుంది. నీ మాట గుర్తుంది కాబట్టి నేను వినలేదు. మీ ఇద్దరికీ ఏ కుళాయి దగ్గరో పాత తగాదా ఉండి ఉంటుంది, నీ పేరు మీద అరుగు కడుతుంటే ఓర్వలేకపోతోంది అనుకున్నాను. నలుగురు ఆడవాళ్ళు వచ్చి నచ్చజెప్పి తీసుకెళ్ళారు.

జూన్లో కాలువకి నీళ్ళు వచ్చేసరికి అరుగు తయారవుతుంది. అప్పటికి నేరేడు పళ్ళు కూడా వస్తాయి. నువ్వు వచ్చి మొదట కూర్చోవాలి.

మల్లేశు


హనుమాన్ జంక్షన్,
7 మే

మల్లేశూ,

ముందు వెళ్ళి పని ఆపించు. ఆపించి వచ్చి తక్కినది చదువు. పోస్టులో వేస్తే ఆలస్యమవుతుందని కవరు అంటించి చక్రి చేతికే ఇచ్చి పంపుతున్నాను. ఇందులో ఏముందో వాడికి తెలియదు.

చక్రి నా మొదటి బిడ్డ కాదని నీకు తెలుసు. పుట్టి పోయిందని అమ్మ నీకు హాస్టలుకి రాసింది. పుట్టగానే పోలేదు రా. నా పాలు తాగింది. నా వేలు పట్టుకుని నిద్రపోయేది. పురిటి స్నానం ఇంకా కాలేదు, దానికి జ్వరం తగిలింది. ఒక మధ్యాహ్నం పాలు తాగడం మానేసింది. బారసాల కాలేదు, పేరు లేదు. తలుచుకుందామన్నా ఇన్నేళ్ళూ నాకు పిలవడానికి ఏమీ లేకపోయింది.

మీ బావా, ఇంకో ఇద్దరు మగవాళ్ళూ తువ్వాల్లో చుట్టి తీసుకెళ్ళారు. నేనూ వస్తానన్నాను. పురిటాలు గడప దాటకూడదు, అసలు ఆడవాళ్ళు అక్కడికి వెళ్ళరాదు అని అమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. దాన్ని ఎటు తీసుకెళ్తున్నారో కూడా నాకు ఎవరూ చెప్పలేదు. సువార్తమ్మ బయట నిలబడి నా ఏడుపు విని, వాళ్ళ వెనకాలే దూరంగా వెళ్ళింది. ఆవిడ చర్చివాళ్ళలో ఆడవాళ్ళు కూడా వెళ్ళి మట్టి వేస్తారు కదా. తిరిగొచ్చి నా కిటికీ దగ్గర నిలబడి, "వంపు కాడ నేరేడు చెట్టు కింద సీతమ్మా. నీళ్ళవైపు కాదు, ఎగదట్టున, పైవైపు. నువ్వు రాలేవని నీ బదులు నేనూ గుప్పెడు మట్టేశా" అంది.

మీ బావ తను బతికున్నన్నాళ్ళూ ఆ చోటు నాకు చెప్పలేదు. నాకు తెలుసని నేనూ చెప్పలేదు. చక్రి పుట్టాక ఒకసారి నేను ఏడుస్తుంటే, "దాని ఊసెత్తకు సీతా, ఉన్నవాడికి తగులుతుంది" అని నా చేత మాట తీసుకున్నాడు. తర్వాత మమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చేశాడు. బెజవాడ వచ్చినప్పుడల్లా బస్సులో కాలువ వైపు కిటికీ పక్కన నేనే కూర్చునేదాన్ని. వంపు దగ్గర ఆయన ఎప్పుడూ కళ్ళు మూసుకునేవాడు. నిద్రపోతున్నాడని నేను ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆయన పోయాక కూడా ఆ మాట దాటలేక నీకు రాయలేదు. సువార్తమ్మ నోటి వెంట నువ్వు వినకూడదని అడగొద్దన్నాను. ఆవిడ మీద నాకు తగాదా ఏముంటుంది?

దాని మీద ఎవరూ నడవకూడదని అడిగాను. అంతే అడిగాను. నువ్వు మనుషుల్ని తీసుకెళ్ళి దాని మీద కూర్చోబెడుతున్నావు. మీ బావ పేరు కూడా దాని మీదే చెక్కిస్తున్నావు. చెట్టుకి ఎడంగా అన్న మాటలో నీకు అర్థం కానిది ఏముంది రా?

అక్క


విజయవాడ,
11 మే

అక్కా,

చక్రి కవరు ఇచ్చి షాపు ఉందని అప్పుడే వెళ్ళిపోయాడు. గుమ్మంలో నిలబడే చదివాను. తువ్వాలు చుట్టుకోవడం కూడా మర్చిపోయి గట్టుకి పరిగెత్తాను.

నీకు అబద్ధం రాయలేను. గుంటలో ఏమీ లేదు. మెషీను నడిపిన మనిషిని పక్కకి తీసుకెళ్ళి అడిగాను. ఏమీ కనపడలేదు మేస్టారూ, నల్లమట్టే, వేళ్ళు చాలా ఉన్నాయి అన్నాడు. అరుగు పని ఆ క్షణమే ఆపించాను. కానీ తవ్విన మట్టి అక్కడ లేదు. దారిలో పల్లంగా ఉన్న చోట్ల ఆ మట్టినే వేయించాను. బయట నుంచి మట్టి కొనడం దేనికి, చెట్టు కింద మట్టి బాగుంది అన్నది నేనే. కమిటీ అంతా మెచ్చుకుంది. ట్రాక్టరు లాకుల నుంచి వంతెన దాకా అక్కడ కాస్త ఇక్కడ కాస్త పోసుకుంటూ వెళ్ళింది. తర్వాత నీళ్ళు చల్లి రోలరు తిప్పారు. ఏ మట్టి ఎక్కడ పడిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

సువార్తమ్మ ఆ గుంట పక్కనే కూర్చుని ఉంది. చెప్పానుగదయ్యా అని కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది. నేను ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను అక్కా. నా వయసు మనిషి నడిరోడ్డు మీద ఏడుస్తుంటే వాకింగుకి వచ్చినవాళ్ళు ఆగి చూశారు.

ఇంట్లో రాజ్యానికి చెప్పాను. సుస్మితకి చెప్పలేదు. నన్ను ఏం చెయ్యమంటే అది చేస్తాను. ఒక్క ముక్క రాయి.

మల్లేశు


విజయవాడ,
23 జూన్

అక్కా,

నీ దగ్గర నుంచి జవాబు లేదు. రాసే అర్హత నాకు లేదని తెలిసీ మళ్ళీ రాస్తున్నాను.

కిందటి నెల మీటింగులో లేచి నిలబడి, చెట్టు కింద అరుగు వద్దని చెప్పాను. ఎందుకని అడిగారు. నీ పేరు ఎత్తలేదు. అక్కడ ఒక పసిపిల్లని పెట్టారు, ఆ తల్లి ఇంకా ఉంది, తెలియక నేనే తవ్వించాను అన్నాను. మీటింగు అక్కడితో ముగిసింది.

మర్నాడు హాలు తలుపు తీసి చూస్తే మ్యాపు మీద కొత్తగా ఎర్ర చుక్కలున్నాయి. రేవు పక్కన, తూము దగ్గర, వంతెన కింద, గట్టు పొడుగునా. ఎవరు అంటించారో అడిగితే, గట్టు మీది ఆడవాళ్ళు నిన్న సాయంత్రం వచ్చి అంటించి వెళ్ళారు అన్నాడు వాచ్‌మన్. వాళ్ళలో ఒక్కరు కూడా అంతకుముందు ఏ చుక్కా అంటించలేదు. ఇంజనీరు గారు వాటిని లెక్కపెట్టి, ఇంతమంది పసివాళ్ళా మేస్టారూ అన్నాడు.

చాలా వాదనలయ్యాయి. చివరికి ఇంకెక్కడా తవ్వకూడదనీ, లైట్ల స్తంభాలు రోడ్డు వైపే వెయ్యాలనీ, దారిని టైల్సు లేకుండా మట్టిగానే వదలాలనీ తేల్చారు. మట్టిదారి కావాలని ఈసారి నేనే గట్టిగా పట్టుబట్టాను. ప్రెసిడెంటు గారు నాతో మాట్లాడటం మానేశారు. వానలకి బురదైతే వచ్చే ఏడాది టైల్సు తప్పవంటున్నారు, ఏమవుతుందో నాకు తెలియదు. గుంట పూడ్పించాను. రాయి చెక్కడం ఆపించాను.

ఇదంతా చెబుదామనే రాయడం మొదలుపెట్టాను కానీ అసలు బాధ వేరే. నిన్న సువార్తమ్మ గట్టు మీద కనపడి, శుక్రవారం మీ అక్క వచ్చింది, ఇద్దరం నడిచాం అంది. నేను నమ్మలేదు. మా ఇల్లు ఆ పక్క వీధిలోనే కదా! బెజవాడ వచ్చి నా గడప తొక్కకుండా వెళ్ళిపోయావా? సుస్మిత విని, "అత్తయ్యకి నా మీద కూడా కోపమేనా నాన్నా, నా పొట్ట ఒక్కసారి చూసి వెళ్ళొచ్చు కదా" అని ఏడ్చింది. నా మొహం చూడనంటే నేను బయటికి వెళ్ళిపోతాను. ఆ పిల్లని చూడటానికైనా రా. వచ్చి నాలుగు తిట్టు. ఇలా వెలివెయ్యకు.

మల్లేశు


హనుమాన్ జంక్షన్,
26 జూన్

తమ్ముడూ,

కోపం లేదని రాస్తే అబద్ధమవుతుంది. మే నెలంతా నీ పేరెత్తలేదు. నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివినా ఆ రోలరు దగ్గరికి వచ్చేసరికి మడిచి పెట్టేసేదాన్ని. ఎప్పటికైనా తగ్గుతుందో లేదో నాకు తెలియదు. కానీ మీ ఇంటికి రాకపోయింది అందుకు కాదు.

కాలువకి నీళ్ళు వచ్చాయని విని బయల్దేరాను. చక్రికి చెప్పకుండా బస్సెక్కాను. సువార్తమ్మ లాకుల దగ్గరే మొక్కజొన్న పొత్తులు కాల్చి అమ్ముతోంది. నన్ను చూసి పొయ్యి మీద నీళ్ళు చల్లేసి లేచింది. నాకు వినపడదు కదా, ఆవిడకది తెలిసి దారంతా ఏమీ మాట్లాడలేదు. నేను చెప్పులు విప్పితే తన సంచిలో వేసుకుంది.

ఎక్కడని తప్పుకుని నడవను? దాని మీద ఎవరి కాలూ పడకూడదని నిన్ను అడిగినదాన్ని, లాకుల నుంచి వంతెన దాకా నా కాళ్ళతో నేనే నడిచాను. తొక్కుతున్నట్టు అనిపించలేదు. కాలికి మెత్తగా తగిలినచోట ఆగేదాన్ని, సువార్తమ్మ కూడా ఆగేది. పిల్లలు సైకిళ్ళ మీద మమ్మల్ని దాటుకుని వెళ్ళారు. వాళ్ళని పొమ్మనాలనిపించలేదు.

తిరిగి వస్తూ చెట్టు దగ్గర ఆగాం. నువ్వు పూడ్పించిన చోట మట్టి ఇంకా వదులుగానే ఉంది, పళ్ళు రాలి నల్లగా అయింది. ఇన్నేళ్ళకి మొదటిసారి ఆ చెట్టు కింద నిలబడ్డాను. సువార్తమ్మ వంగి గుప్పెడు మట్టి తీసి నా చేతిలో పెట్టి, నాకు తెలిసేలా నా మొహంలోకి చూస్తూ, "ఇయ్యాల నువ్వెయ్యి" అంది. వేశాను మల్లేశూ. అప్పుడు ఏడ్చాను. నన్ను పట్టుకుని ఆపడానికి అక్కడ అమ్మ లేదు, మీ బావ లేడు.

అక్కడి నుంచి మీ ఇంటికి ఎలా వస్తాను రా? మట్టి వేసి వచ్చిన మనిషి స్నానం చెయ్యకుండా ఎవరింటికైనా వెళ్తుందా? అందులోనూ నిండు చూలాలు ఉన్న ఇంటికి! మీ వీధి మొగలో నిలబడి మీ మేడ మీద ఆరేసిన పొత్తిగుడ్డలు చూశాను. అవి నా చీరలే. చూసి వెనక్కి తిరిగాను. బస్సులో కూర్చోకుండా, ఎవరికీ తగలకుండా రాడ్డు పట్టుకుని నిలబడే వచ్చాను. షాపు వెనక కుళాయి కింద కట్టుచీరతోనే తల మీద నీళ్ళు పోసుకున్నాను. చక్రి చూసి కంగారుపడి, "ఎక్కడికెళ్ళొచ్చావమ్మా, ఎవరు పోయారు?" అన్నాడు. వాడికి దగ్గరగా వచ్చి మాట్లాడటం అలవాటు, అందుకని వినపడింది. "మీ అక్క" అన్నాను. కూర్చోబెట్టి అంతా చెప్పాను. వాడు రెంచీ కింద పెట్టి చాలాసేపు నా తల తుడుస్తూ ఉండిపోయాడు. వాడికేమీ తగల్లేదు.

ఆ రోజు మీ బావ వచ్చి నూతి దగ్గర స్నానం చేస్తుంటే నీళ్ళ చప్పుడు లోపలికి వినపడింది. ఆయనతో వెళ్ళినవాళ్ళూ చేశారు. సువార్తమ్మ కూడా వాళ్ళింట్లో చేసే ఉంటుంది. నేను ఒక్కదాన్నే చెయ్యలేదు. మొన్న చేశాను.

ఆదివారం పొద్దున్న బస్సుకి వస్తాను. మెత్తటి చీరలు ఇంకో రెండు దొరికాయి. నన్ను ఎవరూ ఏమీ అడగొద్దని రాజ్యానికి చెప్పు. సుస్మితని మాత్రం నా పక్కన కూర్చోమను.

అక్క